పక్క మంచం మీద ఏ పుస్తకం ఉంది?



సంచికకు ఒక వ్యాసం రాయమని సంపాదక మిత్రులు అడిగినప్పుడు మామూలుగా రాసే విషయాలే ముందు మనసులోకి వచ్చాయి. మెస్ ఛార్జీలు పెంచాలని రాయవచ్చు. బాత్‌రూము తలుపుల గురించి ప్రతి సంచికలో ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు, తలుపులు అలాగే ఉన్నాయి. అవన్నీ రాయాల్సినవే. కానీ ఈసారి మేం ఇంకొకటి రాస్తున్నాం. ఈ ఏడాది మన హాస్టల్లో ఎవరు ఏ పుస్తకం చదివారు, ఎవరు ఎవరికి ఏది చదవమని చెప్పారు, అలా చెప్పుకోవడం మనకెందుకు అవసరం అన్నదే మా విషయం. ఇదీ ఒక సమస్యేనా అని కొందరు నవ్వవచ్చు. నవ్వినా ఫరవాలేదు, చివరిదాకా చదవమని మనవి.

మాలో చాలామందిమి ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్ళం. ఇప్పుడు ఎం.ఏ. రెండో ఏడాదిలో ఉన్నాం గానీ మా ఇళ్ళల్లో ‘పుస్తకం’ అన్న మాటకు అర్థం వేరు. మా అమ్మలకు పుస్తకం అంటే బ్యాంకు పుస్తకం, లేకపోతే డ్వాక్రా పుస్తకం. కొన్ని ఇళ్ళల్లో బైబిలు. పొగాకు బ్యారన్ దగ్గర రాత్రంతా మంట చూసుకునే నాన్న, మిరపకాయల కోతకు తెల్లవారుజామునే ఆటో ఎక్కే అమ్మ ‘బాగా చదువుకోండయ్యా’ అని చెప్పగలరు. ఏం చదవాలో చెప్పలేరు. అది వాళ్ళ తప్పు కాదు.

పీజీలో చేరిన కొత్తల్లో ఒక సంగతి జరిగింది. క్లాసులో ఒక అమ్మాయి మాటల మధ్యలో, ‘మా నాన్నగారు నాకు ఎనిమిదో తరగతిలోనే చలం పుస్తకాలు ఇచ్చారు’ అంది. గొప్పకు అన్నది కాదు, మామూలుగా అంది. మేం చలం పేరు బిట్ పేపర్లో తప్ప ఎక్కడా చూడలేదు. అయినా చదివినట్టే తలలు ఊపాం. ఆ సాయంత్రం హాస్టల్‌కు వచ్చాక మాలో ఒక్కరు కూడా ‘నాకు తెలియదురా’ అని పక్కవాడితో అనలేదు. ఇప్పుడు తలుచుకుంటే అసలు సిగ్గుపడాల్సింది దానికి అనిపిస్తుంది. తెలియకపోవడం ఒక ఎత్తు, తెలియదని మనలో మనమే దాచుకోవడం ఇంకో ఎత్తు.

సార్లు సిలబస్ చెబుతారు. కోచింగ్ సెంటర్ వాళ్ళు ఏ గైడ్ కొనాలో చెబుతారు. ఈ రెండూ కాని పుస్తకం ఒకటి ఉంటుందని, అది చదవడం బాగుంటుందని మనకు చెప్పేవాళ్ళు ఎవరు? ఇంట్లో లేరు. ఊళ్ళో లేరు. ఇక మిగిలింది పక్క మంచం మీద పడుకునేవాడే. ఈ వ్యాసంలో మేం చెప్పదలచిన మాట ఇంతే. మిగతాదంతా దానికి సాక్ష్యం.

మనం ప్రతి ఏప్రిల్ 14న దండ వేసే బాబాసాహెబ్ అంబేద్కర్ జీవితంలో కూడా ఇలాంటి ఘట్టం ఒకటి ఉంది. ఆయన బొంబాయిలో చదువుకునే రోజుల్లో పరీక్ష పాసైనందుకు వాళ్ళవాళ్ళు ఒక సన్మాన సభ పెట్టారు. ఆ సభలో కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు, తాను మరాఠీలో రాసిన బుద్ధుని జీవిత చరిత్ర ప్రతిని ఆ కుర్రవాడి చేతిలో పెట్టారు. ఇంట్లో తండ్రి రామాయణ, భారతాలు చదివించేవారు. ఈ పుస్తకం చదివాక అంబేద్కర్ తండ్రితోనే వాదనకు దిగారు, మనం ఆ కథలే ఎందుకు చదవాలని. ఈ సంగతి ఆయనే ‘బుద్ధుడు, ఆయన ధర్మం’ గ్రంథానికి 1956లో రాసుకున్న ముందుమాటలో చెప్పుకున్నారు. అదే సంవత్సరం అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మందితో బౌద్ధం స్వీకరించారు. ఒక్క పుస్తకమే అంతా చేసిందని మేం అనడం లేదు. కానీ ఇచ్చిన చెయ్యి ఒకటి ఉంది. తరువాత బరోడా మహారాజు వద్దకు తీసుకెళ్ళి విద్యార్థి వేతనానికి దారి చూపిన వారిలోనూ కేలూస్కర్ ఉన్నారు. మనం అంబేద్కర్ బొమ్మ గీస్తాం, పాటలు పాడతాం. ఆ పుస్తకం ఇచ్చిన మాస్టారి పేరు మాలో ఎవరికీ నిరుటి దాకా తెలియదు.

ఇక మన హాస్టల్ సంగతికి వస్తాం. ఆఫీసు గదిలో ఒక ఇనప బీరువా ఉన్న సంగతి అందరికీ తెలుసు. పాత రిజిస్టర్లు ఉంటాయనుకునేవాళ్ళం. గడచిన వర్షాకాలంలో ఆ గది కారితే సామాను జరపడానికి కామాటి అన్నకు సాయంగా నలుగురం వెళ్ళాం. బీరువా లాగుతుంటే తలుపు తెరుచుకుంది. లోపల పుస్తకాలు! లెక్కపెడితే 63. అందులో సగం ఎప్పటివో గైడ్లు, సిలబస్ మారిపోయి ఎందుకూ పనికిరానివి. కింది అరలో కొన్నిటికి చెద పట్టింది. మిగిలినవి మాత్రం మంచి పుస్తకాలు, కథలు, నవలలు, జీవిత చరిత్రలు.

ఎందుకు తాళం వేశారని అడిగితే వార్డెన్ గారు కోప్పడలేదు. పుస్తకం పోతే స్టాక్ రిజిస్టర్లో జవాబు చెప్పుకోవాల్సింది తానేనని, ఆడిట్ వాళ్ళు ‘పిల్లలు చదివి పోగొట్టారు’ అంటే ఒప్పుకోరని చెప్పారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. చదివిన పుస్తకానికి రిజిస్టర్లో గడి లేదు, పోయిన పుస్తకానికి ఉంది. అలాంటప్పుడు ఏ అధికారి అయినా తాళమే వేస్తాడు. చివరకు పోయిన పుస్తకం మేమే కొనిస్తామని పదకొండు మందిమి తెల్ల కాగితం మీద సంతకాలు పెట్టి ఇచ్చాం. తాళంచెవి వచ్చింది. అయితే ఈ సందర్భంగా పై అధికారులకు ఒక మాట మనవి చేస్తున్నాం. బియ్యానికి తరుగు రాసుకునే వీలున్నట్టే పుస్తకాలకు కూడా అరుగుదల రాసుకునే వీలు కల్పించాలి. వాడిన వస్తువు అరుగుతుంది, కొన్ని పోతాయి. పోకుండా ఉన్నవన్నీ చదవనివే.

ఆ పుస్తకాల వెనక అట్టల లోపల తేదీలు, సంతకాలు, గది నంబర్లు ఉన్నాయి. మాకు కనబడిన చివరి తేదీ 2006. అప్పుడు మాలో కొందరం పలక పట్టుకొని అంగన్‌వాడీకి వెళ్తున్నాం. అంటే ఈ హాస్టల్లో చదివి, చదివింది పక్కవాడికి ఇచ్చే అలవాటు ఒకప్పుడు ఉంది. మధ్యలో ఎక్కడో తెగిపోయింది. ఆ సంతకాల అన్నలు ఈ రోజు సభలో కూర్చొని ఉంటే మీకు మా కృతజ్ఞతలు.

తాళం వచ్చినంత మాత్రాన చదువరులు రారు కదా. మెస్ తలుపు పక్కన మేకు కొట్టి, పురికొసతో ఒక లాంగ్ నోటుబుక్కు వేలాడదీశాం. ఎవరు ఏం చదువుతున్నారో రాయాలి. గది నంబరు, పుస్తకం పేరు, ఒకటి రెండు వాక్యాలు. ఒకే నియమం, నిజం రాయాలి. సగంలో ఆపేస్తే ఆపేశానని రాయాలి. మొదటి వారం మా ముగ్గురి రాతలే ఉన్నాయి. నాలుగో రాత ఎవరో మహానుభావుడిది. ‘సాంబారు, పలచగా ఉంది, చదవదగినది కాదు’ అని రాశాడు. చింపేద్దామని ఒకరన్నారు. ఉంచాం. పెన్ను మూడుసార్లు పోయింది. రెండు నెలలు గడిచేసరికి నలభై పేజీలు నిండాయి. ఆ నలభై పేజీల్లోంచి కొన్ని సంగతులు ఇక్కడ చెబుతాం.

అన్నిటికంటే ఎక్కువ గదులు తిరిగింది ‘ఏడు తరాలు’. అలెక్స్ హేలీ 1976లో ఆంగ్లంలో రాసిన ‘రూట్స్’కు సహవాసి చేసిన తెలుగు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఆఫ్రికాలోని గాంబియాలో ఒక పల్లె నుంచి 1767లో కుంటా కింటే అనే కుర్రవాణ్ణి పట్టుకుపోయి ఓడలో అమెరికాకు చేర్చి అమ్మేస్తారు. తన భాషలోని నాలుగు మాటలు, తన నది పేరు, తన పేరు కూతురికి చెబుతాడు. ఆమె కొడుక్కి చెబుతుంది. అలా నోటి నుంచి నోటికి వచ్చిన మాటలు పట్టుకొని ఏడో తరం మనిషి వెనక్కి వెళ్తాడు. ఈ పుస్తకం మీద వివాదాలు కూడా నడిచాయి. వేరొక నవల నుంచి కొన్ని భాగాలు తీసుకున్నాడని కేసు పడి 1978లో రాజీతో ముగిసింది. వంశవృక్షంలో కొన్ని లంకెలకు రుజువులు చాలవని చరిత్రకారులు కూడా అన్నారు. అది కూడా తెలిసే చదవాలి.

తొమ్మిదో గదిలో నలుగురు దీన్ని వంతులవారీగా చదివారు. చదవడం అయ్యాక ఒక రాత్రి ఒకడు అడిగాడు. ‘మీ తాత పేరేంటిరా?’ చెప్పారు. ‘ఆయన నాన్న పేరు?’ నలుగురిలో ఒక్కడికీ తెలియదు. నలుగురూ ఇళ్ళకు ఫోన్లు చేశారు. ఒకరి నాయనమ్మ మంచం మీద ఉంది, చూపు సరిగా ఆనదు. ఫోను స్పీకర్లో పెడితే ఆమె తన మామ పేరు, ఆయన తండ్రి పేరు, ఆయన పాలేరుగా ఉన్న ఆసామి ఇంటిపేరు, ఎన్ని బస్తాల జొన్నల బాకీ కింద ఎన్నేళ్ళు చేశాడో అన్నీ వరసగా చెప్పింది. గదిలో అందరూ వింటున్నారు. ‘ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు నాయనమ్మా?’ అంటే, ‘ఎవరడిగారయ్యా?’ అంది.

ఆ తరువాత నోటుబుక్కు చివరి పేజీల్లో ఎవరి తాత ముత్తాతల పేర్లు వాళ్ళు రాయడం మొదలుపెట్టారు. ఇప్పటికి పందొమ్మిది కుటుంబాలవి ఉన్నాయి. కొన్నిటికి నాలుగు తరాలు, కొన్నిటికి మూడు. ఒక మిత్రుడు తన పేరు, తండ్రి పేరు రాసి కింద గీత గీశాడు. తండ్రి చిన్నప్పుడే వలస వెళ్ళిన చోట తల్లిదండ్రులు పోయారట, అడగడానికి ఎవరూ లేరు. ఆ ఖాళీ గీత కూడా ఉండనిచ్చాం. ఇంత పని చేసిన పుస్తకం బీరువాలో గైడ్ల కింద పడి ఉంది.

జాషువా ‘గబ్బిలం’ సంగతి వేరు. అది మనకు తెలుసనుకుంటాం. బడి పుస్తకాల్లో జాషువా పద్యాలు కంఠస్థం చేశాం, ప్రతిపదార్థం రాశాం, మార్కులు తెచ్చుకున్నాం. 1941లో వచ్చిన ఆ కావ్యం మొత్తం చదివినవాళ్ళు ఈ హాస్టల్లో ఎందరని లెక్కేస్తే ఇద్దరు తేలారు. ఆకలితో పడుకున్న అంటరాని మనిషి తన గోడును కాశీలోని శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. తాను గుడిలోకి పోలేడు, గబ్బిలం పోగలదు, దాన్ని ఎవరూ ఆపరు. ఈ ఒక్క ఊహ తెలిశాక పరీక్షకు చదివిన పద్యం కూడా వేరుగా వినబడుతుంది. పద్యం అర్థం కాదని భయపడకండి. పెద్దగా చదవండి, డాబా మీద అయితే ఇంకా మంచిది. మా తెలుగు మిత్రుడు ఒకరు రాగం తీసి చదివితే క్రికెట్ చూస్తున్నవాళ్ళు కూడా ఫోన్లు పక్కనపెట్టారు. పది నిమిషాలే అనుకోండి.

యెండపల్లి భారతి కథలు ‘ఎదారి బతుకులు’ మన వంటింటి దాకా వెళ్ళాయి. పెద్ద చదువు చదివిన రచయిత్రి కాదు ఆమె. కూలిపనుల మధ్య, చిత్తూరు జిల్లాలో పల్లె ఆడవాళ్ళే నడిపిన ‘నవోదయం’ పత్రికలో పనిచేస్తూ రాయడం పట్టుకున్నారు. మదనపల్లె వైపు మాట, రెండు మూడు పేజీలకు మించని కథలు. ఒకరోజు ఒక ఇంటర్ తమ్ముడు వంకాయలు తరుగుతున్న వంట అక్క దగ్గర కూర్చొని ఒక కథ చదివి వినిపించాడు. మాట కొంచెం తేడా అయినా ఆమెకు మొత్తం అర్థమైంది. ‘ఇయ్యి కూడా పుస్తకాల్లో రాస్తారా?’ అని అడిగిందట. ఇంకొకటి చదవమంది. ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు పడిందని ఫిర్యాదు వచ్చింది. కారణం ఇదీ అని ఇప్పుడు బయటపెడుతున్నాం.

అన్నీ ఇలా సాఫీగా జరగలేదు. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ (2000) దగ్గర పెద్ద గొడవే అయింది. మా అభిప్రాయంలో ఈ ప్రాంతపు విద్యార్థి ఒక్క నవలే చదువుతానంటే ఇవ్వాల్సింది ఇదే. రూతు జ్ఞాపకాల్లోంచి ఎల్లన్న, సుభద్రల కథ మొదలై తరతరాలుగా సాగుతుంది. మాలమాదిగ పల్లెల్లో పుట్టిన పాట, ఆట, వీధినాటకం చరిత్ర పుస్తకాల్లోకి ఎందుకు ఎక్కలేదని నిలదీస్తుంది. దీన్ని ఒక ఎమ్మెస్సీ మిత్రుడి చేతిలో పెట్టి చదవమన్నాం. ముప్పై పేజీలు చదివి తిరిగి ఇచ్చేశాడు. ‘మా ఊళ్ళో చూసిందే మళ్ళీ పుస్తకంలోనూ చూడాలా? మనం మనవాళ్ళ బాధలే చదవాలని రూలేమైనా ఉందా? నాకు నక్షత్రాల గురించి ఉంటే ఇవ్వండి’ అన్నాడు.

మేం అతన్ని నానా మాటలూ అన్నాం. స్పృహ లేదన్నాం, చైతన్యం లేదన్నాం. వారం రోజులు అతను మాతో కలిసి భోజనం చేయలేదు. తరువాత మాలో మేం మాట్లాడుకుంటే అతను అన్నదాంట్లో తప్పేముందనిపించింది. ఊరు మనల్ని ఒక వాడలో ఉండమంది. ఇప్పుడు మనం మన తమ్ముడిని ఒక అరలోని పుస్తకాలే చదవమంటున్నామా? బ్రాహ్మణ పిల్లవాడు ఖగోళం చదివితే ఆసక్తి, మనవాడు చదివితే స్పృహ లేకపోవడమా? మేం వెళ్ళి పొరపాటయిందని చెప్పాం. జిల్లా గ్రంథాలయం నుంచి మహీధర నళినీమోహన్ ‘కేలెండర్ కథ’ తెచ్చి ఇచ్చాం. అది చదివి అతను మెస్సులో ఒక ప్రశ్న వేశాడు. 1582లో అక్టోబర్ 4 తరువాత రోజు అక్టోబర్ 15 అయింది, కొత్త కేలెండర్ కోసం పది రోజులు ఎగరగొట్టారు, మరి ఆ పది రోజుల కూలి ఎవరిచ్చినట్టు? దీని మీద రెండు పూటలు వాదన జరిగింది. కూలి ప్రశ్న వేసింది చైతన్యం లేదని మేం తిట్టిన మిత్రుడే. ‘అంటరాని వసంతం’ ఇప్పుడు మళ్ళీ అతని దగ్గరే ఉంది. మేం ఇవ్వలేదు, తనే తీసుకున్నాడు.

ఇంకొక మొట్టికాయ బాలికల హాస్టల్ నుంచి పడింది. మా నోటుబుక్కులోని పేర్లు చూసి ఒక చెల్లెలు అడిగింది, ‘అన్నా, ఇన్ని పేర్లలో ఆడవాళ్ళవి ఎన్ని?’ భారతి గారి పుస్తకం ఒక్కటే. ఆ చెల్లెలే మాకు ‘నల్లపొద్దు’ తెచ్చి ఇచ్చింది. 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసిన సాహిత్యాన్ని వెదికి గోగు శ్యామల కూర్చిన సంకలనం. అంత వెనకనుంచీ రాసినవాళ్ళు ఉన్నారని ఎం.ఏ. చదువుతున్న మాకు తెలియదు. జూపాక సుభద్ర ‘రాయక్క మాన్యమ్’ కథలు కూడా ఆ దారినే వచ్చాయి. చెల్లెళ్ళ హాస్టల్ గేటు సాయంత్రమే వేసేస్తారు, గ్రంథాలయానికి వెళ్ళే వీలు వాళ్ళకు మాకంటే తక్కువ. అయినా మాకంటే ఎక్కువ చదివారు.

ఇంగ్లీషు అంటే భయపడే తమ్ముళ్ళకు ఒక మాట. అంబేద్కర్ రాసిన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’తో మొదలుపెట్టండి. చాలా చిన్నది, వాక్యాలు సూటిగా ఉంటాయి. చిన్నపిల్లవాడిగా అన్నతో కలిసి తండ్రి దగ్గరకు బయల్దేరితే స్టేషన్‌లో దిగాక కులం తెలిసి బండి తోలేవాడు దొరకకపోవడం, బరోడాలో ఉండటానికి చోటు దొరకకపోవడం, ఇవన్నీ ఆయన కళ్ళ నీళ్ళు పెట్టుకోకుండా చెబుతారు. అమెరికాలో ఆయన చదివిన కొలంబియా విశ్వవిద్యాలయంలో దీన్ని పాఠంగా వాడారు. మాకు మొదటి పేజీకి గంట పట్టింది, డిక్షనరీ పక్కన పెట్టుకున్నాం. ఐదో పేజీకి వచ్చేసరికి డిక్షనరీ సంగతి మరిచిపోయాం. ఫోన్లో కూడా దొరుకుతుంది. పైనుంచి మెసేజీలు పడుతుంటాయి గనుక ప్రింటు తీసుకోవడం మేలు. చిన్న తరగతుల తమ్ముళ్ళకు ‘రైలుబడి’ ఇవ్వండి. బడిలో చేరిన మొదటి రోజునే నాలుగు గంటలసేపు పిల్ల చెప్పింది విన్న హెడ్‌మాస్టారు అందులో ఉన్నారు. మన పిల్లలు నమ్మరు, అయినా ఇవ్వండి.

ఇక గ్రూప్స్‌కు, డీఎస్సీకి ప్రిపేర్ అయ్యే మిత్రులు ఒక ప్రశ్న అడుగుతున్నారు. ఈ బయటి పుస్తకాలు చదివితే ఉద్యోగం వస్తుందా? రాదు. అబద్ధం చెప్పి చదివించాలని మాకు లేదు. ఇంటర్వ్యూలో పనికొస్తుందనీ చెప్పం. మేం కూడా ఆ పరీక్షలే రాస్తున్నాం, ఇంట్లో మా జీతం కోసం ఎదురుచూస్తున్నారు, ఆ ఆరాటం మాకు తెలియనిది కాదు. కానీ రాత్రి పడుకునే ముందు రీల్స్‌కు పోయే అరగంట ఎవరికి రాసిచ్చాం? ఆ అరగంటే మేం అడుగుతున్నది. వ్యక్తిత్వ వికాస పుస్తకాలు చదువుతున్నాం కదా అంటారు కొందరు. చదవండి. మాకు మాత్రం వాటితో ఒక పేచీ ఉంది. ఓడిపోతే లోపం నీలోనే ఉందని ప్రతి పేజీలో చెబుతాయి. మా నాన్నలు ఎవరికంటే తక్కువ కష్టపడ్డారు?

జిల్లా కేంద్ర గ్రంథాలయానికి వెళ్ళి చూడండి. రీడింగ్ హాలులో కూర్చోడానికి కుర్చీ ఉండదు, అందరూ సొంత గైడ్లు తెచ్చుకొని చదువుతుంటారు. పక్క హాలులో అరల నిండా పుస్తకాలు, మనిషి ఉండడు. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు సెస్సుగా వసూలయ్యేది ఈ పుస్తకాల కోసమే. మన అమ్మానాన్నలు కట్టిన పన్నులో కూడా ఆ 8 పైసలు ఉన్నాయి. మన డబ్బుతో కొన్న పుస్తకాన్ని మనం తెరవకపోతే ఎట్లా? సభ్యత్వానికి కొద్దిపాటి డిపాజిట్ కట్టాలి. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక కార్డు తీసుకున్నా సరిపోతుంది, మేం అలాగే చేశాం.

అన్నలకు ప్రత్యేకంగా ఒక విన్నపం. ప్రతి వార్షికోత్సవానికి మీరు ఫ్యాన్లు, వాటర్ ఫిల్టర్లు, కుర్చీలు ఇస్తున్నారు. వాటి విలువ ఎండాకాలంలో ఇక్కడ పడుకునే మాకే తెలుసు. వాటితోపాటు ఒక్క పుస్తకం ఇవ్వండి. కొత్తది కొని ఇవ్వమనడం లేదు. మీరు చదివింది, మీ దగ్గర నలిగింది ఇవ్వండి. మొదటి పేజీలో మీరు ఏ గదిలో ఉండేవారో, అది ఎప్పుడు చదివారో, ఎందుకు గుర్తుందో నాలుగు ముక్కలు రాయండి. కట్టగట్టి పంపిన వంద పుస్తకాలు మళ్ళీ బీరువాలోకే పోతాయి. మీ చేతిరాత ఉన్న ఒక్కటి గదులు తిరుగుతుంది. కేలూస్కర్ ఇచ్చింది కూడా ఒక్కటే.

చివరగా ఒక చిన్న సంగతి. బీరువాలో ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ దొరికింది. జైల్లో కూర్చొని రాసిన నవల, తెల్లదొరలు నిషేధించిన నవల. మొదటి సంపుటం మాత్రమే ఉంది. పదిహేడో గది తమ్ముడు అది పూర్తిచేసి రెండు నెలలుగా రెండోది కావాలని మా ప్రాణం తీస్తున్నాడు. రిజిస్టర్ ప్రకారం రెండో సంపుటం కూడా ఈ హాస్టల్‌కు వచ్చింది. మీలో ఎవరి ట్రంకు పెట్టెలోనైనా, అటకమీదైనా ఉంటే దయచేసి తెచ్చి ఇవ్వండి. ఎప్పుడు తీసుకెళ్ళారని ఎవరూ అడగరు.